ముందు నీడలో పెట్టాలి

మందుల షాపుకి బయల్దేరబోతూ, బాల్కనీలో నిలబడి జడ బిగించుకుంటున్న అమ్మాయి తెల్లకోటు మీద టప్‌మని ఒక చుక్క పడింది. వాన చుక్క అయ్యుంటే ఆకాశం వైపు చూసి నవ్వుకునేదే. ఇది గోధుమరంగులో ఉంది. తుడిచేలోపు ఇంకోటి పడి, భుజం మీంచి జేబు దాకా తీరిగ్గా గీత గీసింది.

"ఎవరండీ పైన? కళ్ళు కనబడట్లేదా?"

పై అంతస్తు బాల్కనీ అంచు మీంచి ఒక తల బయటికొచ్చింది. ఆ వాటాలోకి కొత్తగా దిగిన అబ్బాయి. చెంప మీద మట్టి.

"మీ మీద పడిందా అండీ?"

"లేదండీ, గాల్లో పోతుంటే నేనే వెళ్ళి పట్టుకున్నాను!"

"సారీ అండీ. మురికినీళ్ళు కాదు. నారు ట్రేలకి నీళ్ళు పెడుతున్నాను. ఎక్కువై కారాయి."

"నారు పోసినవాడు నీరు పోస్తాడని విన్నాను గానీ, కిందింటివాళ్ళకి కూడా పోస్తాడని ఇవాళే తెలిసింది!"

అతను ఒక్క నిమిషంలో మెట్లు దిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో తడిగుడ్డ. ఆ గుడ్డకి కూడా మట్టే.

"ఇటివ్వండి, ఉతికిచ్చేస్తాను" అన్నాడు.

మాటవరసకి అన్నాడనుకుని, ఉక్రోషం కొద్దీ ఆమె కోటు విప్పి అతని చేతిలో పడేసింది. ఆ రోజంతా కోటు లేకుండానే షాపులో నిలబడింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కోటు ఇస్త్రీ మడతతో కుర్చీ మీద ఉంది. ఆమె ఉతికినప్పుడు ఏనాడూ అంత తెల్లగా లేదు. పొద్దున్న అరిచిన అరుపు చెవిలో మోగి మందులమ్మాయికి కాస్త సిగ్గేసింది.

మందులమ్మాయి అన్నది ఆ బిల్డింగువాళ్ళు పెట్టిన పేరు. వీధి చివర మందుల షాపులో పనిచేస్తుంది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి మోకాలు పట్టేసినా ముందు ఆమె తలుపే తడతారు. ఇంట్లో ఆమె, అమ్మమ్మ. పైన దిగినతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి లిఫ్టే లేని బిల్డింగులో మూడంతస్తులెక్కి కాపురముంటున్నాడని అమ్మమ్మ అప్పటికే వీధంతా నవ్వించేసింది.

"డెబ్బయ్యేళ్ళొచ్చాయి నాకు" అంది అమ్మమ్మ కోటు వంక చూస్తూ. "మగాడు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి తెచ్చివ్వడం ఇదే చూడ్డం. మీ తాతయ్య తన రుమాలు తను ఉతుక్కున్న పాపాన పోలేదు. వెళ్ళి థాంక్స్ చెప్పిరా."

"పొద్దున్న అన్ని మాటలన్నాక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్నది ఒకటే మొహం కదే, అదే పెట్టుకుని వెళ్ళు."

వెళ్ళింది.

కిటికీ పక్క బల్ల మీద ట్రేలు వరసగా ఉన్నాయి. కొన్నిట్లో అప్పుడే తలెత్తిన మొలకలు. ఒకటి ఖాళీగా ఉంది. అతను కాగితం మడతలోంచి నల్లటి పొడి ఏదో అందులోకి రాలుస్తున్నాడు, ఊపిరి బిగబట్టి.

"ఏంటది, ముక్కుపొడా?"

"అయ్యో, తుమ్మకండి! విత్తనాలు. పెట్యూనియా. ఒక్క తుమ్ముకి ఏడాది పూలు పోతాయి."

ఆమె వంగి చూసింది. దుమ్ములాగే ఉన్నాయి. అతను వాటిని వేలి చివరతో మెల్లగా అదిమాడే గానీ పైన మట్టి చల్లలేదు.

"మట్టి కప్పడం మర్చిపోయారు."

"కప్పకూడదండీ. వీటికి వెలుతురు తగిలితేనే మొలక. కప్పితే అలాగే నిద్రపోతాయి."

"చలి ఇంకా పోనేలేదు. ఇప్పుడెందుకు ఈ తంటా? ఎండలొచ్చాక బయట చల్లేస్తే సరిపోదా?"

"బంతి, జీనియా అయితే సరిపోతుంది. నేల వెచ్చబడ్డాక నేరుగా వేసేయొచ్చు. ఈ మహారాణిగారు నెమ్మదస్తురాలు. చలి ఉండగానే ఇంట్లో మొదలుపెట్టకపోతే పూసేసరికి వేసవి అయిపోతుంది." అతను స్ప్రే బాటిల్‌తో మంచులా నీళ్ళు చల్లి ట్రే మీద ప్లాస్టిక్ మూత పెట్టాడు. "మా అమ్మ ఆర్డరు. జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనై అక్కావాళ్ళింట్లో ఉంది. తనొచ్చేసరికి నారు రెడీగా లేకపోతే నాకు బెత్తం దెబ్బలే. హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది లెండి."

"ఈ వయసులో కూడా కొడతారా?"

"చూపు చాలండీ. బెత్తం అక్కర్లేదు."

ఆమె పకపకా నవ్వింది. థాంక్స్ చెప్పడానికి వచ్చిన సంగతి కిందికి దిగాక గుర్తొచ్చింది. మళ్ళీ వెళ్ళి చెప్పాల్సొచ్చింది. ఆ తర్వాత ఏదో ఒక వంక దొరుకుతూనే ఉంది. మొలకలొచ్చాయా అని ఒకరోజు, మూత తీశారా అని ఒకరోజు. షాపు నుంచి వచ్చే మనిషి రెండో అంతస్తులో ఆగకుండా మూడో అంతస్తుకి పోతుంటే, అమ్మమ్మ తలుపు దగ్గర నిలబడి "మన ఇల్లు దాటిపోయావే, తల్లీ" అని గుర్తుచేసేది.

నారు నాలుగాకులు తొడిగి బొద్దుగా తయారైన రోజుల్లో అతనికి పక్కూరి ఆస్పత్రిలో కొత్త లిఫ్టులు బిగించే పని పడింది. పని కాగానే అటునుంచటే వెళ్ళి అమ్మని తీసుకొస్తానన్నాడు.

"మరి వీళ్ళ సంగతి?" అంది ట్రేలు చూపిస్తూ.

"అదే ఆలోచిస్తున్నాను. మీకు ఇబ్బంది లేకపోతే..."

"మనుషుల్నే చూసుకుంటున్నాను. మొలకల్ని చూసుకోలేనా? తాళం ఇలా ఇవ్వండి."

అతను తాళం చేతిలో పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ముందు నీడలో పెట్టాలి. మొదటిరోజు కాసేపే. తర్వాత కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయి, వారం పది రోజులకి గానీ ఎండ మొహం చూపించకూడదు. ఇంట్లో పెరిగినవి కదా, ఒక్కసారిగా తట్టుకోలేవు. నీళ్ళు పైనుంచి పొయ్యకూడదు, కింద పళ్ళెంలో పోస్తే అవే తాగుతాయి.

అతను చెప్పింది ఇదీ. ఆమె చూసింది మాత్రం వేరు. మొలకల గురించి మాట్లాడేటప్పుడు అతని కుడి కనుబొమ్మ కాస్త పైకి లేస్తుంది. గొంతు తగ్గుతుంది, పసిపిల్ల నిద్రలేస్తుందేమో అన్నట్టు. ఆ వేళ్ళు లిఫ్టు తాళ్ళు లాగిన వేళ్ళు, కాయలు కాచి ఉన్నాయి. అవే వేళ్ళు ఆకు అంచుని తాకీ తాకనట్టు తాకుతున్నాయి. ఆమె ప్రతి మాటకీ ఊఁ కొట్టింది. ఒక్కటీ చెవిన పడలేదు.

"గుర్తుంటుందా? రాసివ్వనా?"

"డాక్టర్ల రాత చదివేదాన్నండీ. మీ మాట గుర్తుండదా?"

అతను నవ్వి బ్యాగు భుజాన వేసుకున్నాడు.

రెండు రోజులు ట్రేలు కిటికీ దగ్గరే ఉన్నాయి. మూడోనాడు పొద్దున్నే చక్కటి ఎండ కాసింది. 'పాపం, ఇంట్లో ఉండి ఉండి పాలిపోయారు. కాస్త గాలీ వెలుతురూ చూడనీ' అనుకుని ట్రేలన్నీ మోసుకెళ్ళి బాల్కనీలో, ఎండ బాగా తగిలే చోటు ఏరి మరీ పెట్టి షాపుకి పోయింది. ఎంత మంచి పని చేశానా అని దారంతా మురిసిపోయింది కూడా.

సాయంత్రం తలుపు తీసేసరికి ఆకులు తెల్లగా, కాగితాల్లా ఉన్నాయి. ముట్టుకుంటే గరగరమన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. ఆమె ఆకులు కాలాక నీళ్ళు పట్టుకుంది. పెద్ద మగ్గుతో పైనుంచి కుమ్మరించింది. కొన ఊపిరితో నిలబడ్డ నాలుగు మొలకలూ బురదలో పడుకున్నాయి.

అప్పుడే ఫోన్ మోగింది.

"ఎలా ఉన్నారు మన పిల్లలు?"

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. "బ్రహ్మాండంగా ఉన్నారు" అంది.

"నీడలోనే పెడుతున్నారు కదా? తొందరపడి ఎండలో పెడితే ఒక్కపూటలో మాడిపోతాయి, అందుకే మళ్ళీ చెప్తున్నాను. నీళ్ళు కూడా..."

ఈసారి ఆమె ప్రతి అక్షరం విన్నది. నిజం చెప్పేందుకు నోరు తెరిచింది కూడా. "మీరున్నారని ధైర్యంగా ఉందండీ" అన్నాడతను. తెరిచిన నోరు మూసుకుంది.

మర్నాడు షాపు నుంచి వస్తూ వీధి మలుపులో నారు అమ్మే బండి ముందు ఆగింది.

"పెట్యూనియా నారుందా?"

బండతను తలగోక్కున్నాడు. "ఏ రంగు పువ్వు కావాలమ్మా?"

"ఊదా అన్నట్టు గుర్తు."

"ఇదిగో. చక్కగా ఊదారంగు పూస్తుంది."

"నిజంగా పూస్తుందా?"

"పూసి ఊరుకోదమ్మా!" అన్నాడతను నవ్వుతూ.

ఆ నవ్వుకి అర్థం ఆలోచించే స్థితిలో లేదామె. మెత్తటి నూగు ఆకులు, చూడ్డానికి అలాగే ఉన్నాయి. పైకి తెచ్చి, చచ్చిన మొలకలు తీసేసి, ఆ గుంటల్లో వీటిని గుచ్చింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ లేని ఇంట్లో కూడా అటూ ఇటూ చూసుకుంటూ గుచ్చింది. పాతవాటిని పొట్లం కట్టి చెత్తబుట్ట అడుక్కి తోసేసింది.

ఆ తర్వాత వాళ్ళొచ్చారు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషుల సాయంతో మూడంతస్తులూ మోశాడతను. ఆవిడ సన్నగా, నిటారుగా ఉంది. నొప్పి మొహంలో కనబడనివ్వడం లేదు. రాగానే కిటికీ దగ్గర కూర్చోబెట్టమంది. ట్రేల వంక చాలాసేపు చూసింది. అతనూ చూశాడు. చూసి, ఏదో అనబోయి, ఆగి, "బాగా పెంచారండీ" అన్నాడు.

"ఈ అమ్మాయేనా?" అంది టీచరమ్మ. "ఇలా రా. చెయ్యి చూడనీ. మంచి చలవ చెయ్యమ్మా నీది."

ఆ చెయ్యి ఆవిడ చేతిలో నిప్పులా కాలింది.

"ఇవి మా స్కూలు పూలు తెలుసా? నేను ఉద్యోగంలో చేరేసరికే గేటు పక్క ఉండేవి. సాయంత్రమయ్యేసరికి వాసన. ఇప్పటి రకాలకి రంగే గానీ వాసనుండదు. ఏటా విత్తనం తీసి, ఏటా వేసేదాన్ని. నేను దిగిపోయాక ఆ జాగాలో కొత్త క్లాసురూములు కట్టేశారు. పిల్లలకి గదులు కావాలి కదా, తప్పేంలేదు. కానీ ఆ పువ్వు ఇంకెక్కడా లేదు. ఇదిగో, ఈ కిటికీలోనే ఉంది."

మందులమ్మాయి తలొంచుకుంది. కాళ్ళకింద భూమి చీలితే బాగుండునని ఎవరైనా అంటే అదేదో మాటవరస అనుకునేది. ఆ రోజు నిజంగానే నేలవైపు చూసింది.

ఆ తర్వాత మూడో అంతస్తుకి వెళ్ళడం మానేసింది. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు వింటే లోపలికి తప్పుకునేది. మనిషి తప్పుకున్నా మాటలు తప్పలేదు. టీచరమ్మ తన దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళకీ నారు చూపించి "కిందింటి పిల్ల పెంచింది" అని చెప్పేది. వాళ్ళు మెట్ల మీద కనబడితే "నీ చెయ్యి మంచిదటగా, మా ఇంట్లో కూడా ఒక మొక్క నాటమ్మా" అనేవారు. ఒక్కో పొగడ్తా ఒక్కో చెంపదెబ్బ. తేలు కుట్టిన దొంగలా ఆమె నవ్వుతూ నిలబడేది.

నాలుగు రోజులు చూసి అతను మందుల షాపుకే వచ్చాడు.

"తలనొప్పి మాత్ర ఇవ్వండి."

"ఎప్పట్నించి?" అంది తలెత్తకుండా.

"మీరు పైకి రావడం మానేసినప్పట్నించి."

ఇంకెప్పుడైనా అయితే ఆమె ఆ మాటకి వారం రోజులు గాల్లో తేలేది. ఇప్పుడు మాత్ర తీసి కౌంటరు మీద పెట్టి, "తిన్నాక వేసుకోండి" అంది.

"నేనేమన్నా తప్పు చేశానా అండీ?"

మోసం చేసింది తను. తప్పు చేశానా అని అడుగుతున్నది అతను. "వెనక జనం నిలబడ్డారు" అంది. వెనక ఎవరూ లేరు. అతను ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మాత్ర జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఆమె నిశ్చయించుకుంది. చెప్పేస్తాను. ఛీ అంటే పడతాను. ఇలా బతకడం కంటే అదే నయం. తలదువ్వుకుని, మాటలు మనసులో పేర్చుకుని మెట్లెక్కబోతుంటే అమ్మమ్మ చెప్పులేసుకుని తయారైంది.

"నేనూ వస్తానే. టీచరమ్మని పలకరించినట్టుంటుంది."

"ఇవాళ వద్దు అమ్మమ్మా."

"ఏం, ఇవాళ మంచిరోజు కాదా?"

చేసేది లేక తీసుకెళ్ళింది. టీచరమ్మ కిటికీ దగ్గరే ఉంది. అతను స్టాండు మీద ట్రేలు సర్దుతున్నాడు. మందులమ్మాయి గుక్క తిప్పుకుని, "ఆంటీ, మీతో ఒక మాట చెప్పాలి" అంది.

ఆ మాట పూర్తయ్యేలోపే అమ్మమ్మ ట్రేల మీదికి వంగి, ఆకు ఒకటి తిప్పి చూసి, గదంతా మోగేలా అంది. "అబ్బ, వంగనారు ఎంత ఏపుగా ఉందమ్మా! మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, ఇది మొక్కగానే వంగ! కాపుకెప్పుడొస్తుందంటారు?"

ఎవరూ నవ్వలేదు.

"వంగా?" అంది మందులమ్మాయి. ఆ గదిలో ఆ సంగతి తెలియనిది తనొక్కతేనని అప్పటికింకా తెలియదు. పెట్యూనియా కాకపోతే కాకపోయింది, కనీసం పూలమొక్కలైనా అనుకుందిన్నాళ్ళూ. కూరలోకి పోయే వంకాయలకి ఇన్ని పొగడ్తలు మోసింది. అంతకంటే బాధ ఇంకోటి. తనంతట తను చెప్పాలని వచ్చింది. ఇప్పుడు చెప్పినా దొరికిపోయాక చెప్పినట్టే.

అయినా చెప్పింది. ఎండలో పెట్టడం, మగ్గుతో నీళ్ళు పోయడం, ఫోనులో అబద్ధం, బండి దగ్గర కొనడం, పాతవి చెత్తలో పడెయ్యడం. ఒక్కటీ దాచలేదు. చెప్తున్నంతసేపూ చేతులు నలుపుకుంటూనే ఉంది. "మీ స్కూలు పువ్వు నా చేతిలో పోయిందాంటీ. చెప్పడానికే వచ్చాను ఇవాళ. నమ్మకపోయినా ఫర్వాలేదు."

"నాకు వచ్చిన రోజే తెలుసండీ" అన్నాడతను మెల్లగా.

ఆమె గిర్రున తిరిగింది. "తెలుసా? తెలిసి, బాగా పెంచారన్నారా?"

"మీ మొహం చూశాక ఇంకేం అనాలో తోచలేదు. అడిగితే మీరింక పైకి రారేమోనని..."

"అడక్కపోయినా రాలేదుగా! అందరూ నా చెయ్యి మంచిదంటుంటే రోజూ చచ్చానండీ నేను. మీరు ఒక్కమాట అనుంటే ఆ రోజే ఏడ్చి ఊరుకునేదాన్ని."

ఈసారి తలదించుకోవడం అతని వంతయింది. ఆమె గుమ్మం వైపు నడిచింది.

"అమ్మాయ్, ఆగు."

గొంతు పెద్దదేం కాదు. కానీ ఎన్ని వందలమంది పిల్లల్ని గేటు దగ్గర ఆపిన గొంతో, కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"పెట్యూనియాకీ వంగకీ తేడా తెలియనంత ముసలిదాన్నా నేను?" అంది టీచరమ్మ. "నాకూ తెలుసు. నిజం చెప్పొద్దూ, చాలా బాధేసింది. నారు పోయిందని ఒకపక్క, నా కళ్ళుగప్పావని ఇంకోపక్క. నువ్వే వచ్చి చెప్తావేమోనని వచ్చినవాళ్ళందరికీ నీ గురించి చెప్పాను. పొగిడినకొద్దీ నువ్వు ముడుచుకుపోయావు గానీ నోరు విప్పలేదు. క్లాసులో ఏ పిల్లనీ అలా సతాయించలేదు నేను. అది నా తప్పు."

"మీ తప్పేంటాంటీ..."

"మధ్యలో మాట్లాడకు. ఆ బీరువా పై అరలో చిన్న డబ్బా ఉంది, తే."

తెచ్చింది. లోపల కాగితం మడత. మడత విప్పితే నల్లటి పొడి.

"ఉన్న విత్తనమంతా ఒకేసారి చల్లేసేవాళ్ళు తోట పెంచలేరు. వాన పాడుచేస్తుంది, చీమ ఎత్తుకుపోతుంది, కిందింటి పిల్ల ఎండలో పెడుతుంది. సగం ఎప్పుడూ దాచుకోవాలి."

మందులమ్మాయికి కన్నీళ్ళాగలేదు. "కాలం దాటిపోయింది కదా ఆంటీ?"

"దాటింది. ఎండలు ముదిరాయి కాబట్టి మొలకప్పుడు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ముందు పూయాల్సింది వేసవి చివర్లో పూస్తుంది. పూస్తుంది మాత్రం." ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఒక్కటే అర్థం కావట్లేదు. మా వాడు ఏదైనా చెప్తే చిలక్కి చెప్పినట్టు చెప్తాడు. నువ్వా, డజను మందులు చెప్పినా తడుముకోని పిల్లవి. ఎందుకు వినలేదు?"

మందులమ్మాయి చెవుల దాకా ఎర్రబడింది. "ఏదో పరధ్యానం ఆంటీ" అంది.

టీచరమ్మ కొడుకు వంక ఒకసారి, ఆమె వంక ఒకసారి చూసి, "సరే. ఇద్దరూ బాల్కనీలోకి వెళ్ళి ట్రే తయారుచెయ్యండి. నేను పెద్దావిడతో మాట్లాడుకుంటాను" అంది.

బాల్కనీలో అతను మట్టి జల్లించాడు. ఆమె ట్రే కడిగింది. మబ్బు పట్టి, చూస్తుండగానే చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ గోడవారకి జరిగారు. ఇరుకు బాల్కనీ, జరగడానికి ఎక్కువ చోటు లేదు.

"నా మీద కోపం పోలేదా అండీ?"

"పోలేదు."

"ఎప్పటికి పోతుంది?"

"తెలియదు. మీరు నా మీద కోపగించుకుని ఉంటే నా కోపం ఎప్పుడో పోయేది."

"కోపం వచ్చింది. ఆస్పత్రిలో పనిచేస్తూ ఎప్పుడు ఇంటికెళ్ళి చూస్తానా అనుకున్న నారు. దాని గుంటల్లో వంగ చూసి నాకూ ఒళ్ళు మండింది. కానీ మీ కళ్ళు వాచి ఉన్నాయి. అంత ఏడ్చిన మనిషిని ఏమనను?" అతను చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. "నిజం చెప్పండి. అన్నీ ఊఁ కొట్టారు కదా. నేను అంత విసుగ్గా చెప్పానా?"

ఆమె వాన వైపు తిరిగింది. తప్పు చెప్పడం కష్టమనుకుంది ఇందాక. దాని వెనకున్న కారణం చెప్పడం దానికంటే కష్టంగా ఉంది.

"విసుగేం కాదు. మిమ్మల్ని చూస్తూ ఉండిపోయాను."

"ఏంటి?"

"వినబడిందిగా. మళ్ళీ చెప్పను." గొంతు సన్నబడింది. "మీ నారుని చంపింది ఎండ కాదు. నేను మీ మొహం చూస్తూ నిలబడటం. ఇది మీ అమ్మగారికి ఎలా చెప్పను? చచ్చేంత సిగ్గుగా ఉంది నాకు."

భయపడుతూనే ఆమె తిరిగి చూసింది. మనిషి నిలువెల్లా నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా. చినుకులు మీద పడుతున్నా గోడవారకి జరగడం లేదు.

"నవ్వకండి!"

"నవ్వట్లేదు. నేను ఆ ఊళ్ళో లిఫ్టులో ఇరుక్కుపోయాను, తెలుసా? నేనే బిగించిన లిఫ్టులో. బ్రేకు చూడాల్సిన టైములో ఫోన్ చూస్తున్నాను, మీకు ఫోన్ చేస్తే బాగుంటుందా బాగోదా అని. నలుగురు డాక్టర్లు తలుపు విరగ్గొట్టి బయటికి లాగారు. కంపెనీవాళ్ళు ఇంకా ఏడిపిస్తున్నారు."

ఆమెకి ఎన్నో రోజుల తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఇంక మీరు గీరు ఎందుకులే" అన్నాడతను. "నువ్వు అనవా?"

"ముందు నువ్వను."

"అన్నాను కదా ఇప్పుడు."

"అయితే నేనూ అన్నాను."

లోపల్నుంచి టీచరమ్మ పిలిచింది. వెళ్ళేసరికి పెద్దవాళ్ళిద్దరూ ఎదురెదురు కుర్చీల్లో, ఏదో బేరం కుదుర్చుకున్నవాళ్ళలా కూర్చున్నారు.

"బాల్కనీ తలుపు తీసే ఉంది" అంది అమ్మమ్మ. "ముసలివాళ్ళకి చెవులు పనిచెయ్యవనుకుంటారు ఈ కాలం పిల్లలు."

మందులమ్మాయి అతని వెనక్కి తప్పుకుంది. అతను ఎవరి వెనక్కి తప్పుకోవాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

"ముందే చెప్తున్నాను టీచరమ్మా" అంది అమ్మమ్మ, "మా పిల్ల మనసు వెన్న. కానీ తప్పు చేస్తే భయపడి దాచేస్తుంది. తర్వాత నన్ననకూడదు."

"మావాడు దాచింది చూసి కూడా నోరెత్తడు" అంది టీచరమ్మ. "ఇద్దరిలో ఎవరితో ఎక్కువ ప్రమాదమో మీరే చెప్పండి."

"ఇద్దర్నీ వేరే ఇళ్ళకిస్తే రెండిళ్ళు పాడవుతాయి."

"నేనూ అదే అనుకుంటున్నాను. ఒక ఇంటితో పోతుంది." ఆవిడ చేతికర్ర పక్కన పెట్టి చెయ్యి చాపింది. "ఆ వెనకెవరు నక్కింది? ఇలా రామ్మా. నీ ఇష్టం నీ నోటితో చెప్పు. ఈసారి ఎవరూ నీ బదులు చెప్పరు."

ఆమె అతని వెనక నుంచి బయటికొచ్చింది. మొహం మండిపోతోంది, చేతులకి ఇంకా తడిమట్టి ఉంది. తల మాత్రం దించుకోలేదు. ఆవిడ కళ్ళలోకి చూసి, "ఇష్టమే ఆంటీ" అంది.

"ఆంటీ ఏంటి ఇంకా?" అంది టీచరమ్మ. మట్టి చెయ్యని కూడా చూడకుండా దగ్గరికి లాక్కుంది.